నీళ్ళపాలు

"సీసాలో ఏముంది?" అని ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అడిగాడు.

"నీళ్ళు," అంది పుల్ల.

"తెల్లారకముందే లేచి, నీళ్ళు తీసుకెళ్ళి, పక్కమంచం పిల్ల ఫ్లాస్కులో పోశావు. దేనికి?"

పుల్ల తల దించుకుంది. మరీ సన్నగా ఉంటుందని హాస్టల్లో ఆమెకు ఆ పేరు పెట్టారు. పంతొమ్మిదేళ్ళు. నాలుగు వందల మీటర్ల పరుగులో ఆ క్రీడా హాస్టల్ మొత్తానికి ఎప్పుడూ రెండోదే. మొదటిది ఆమె గదిలోనే ఉండే, వేగానికి చిరుత అని పేరుపడ్డ పిల్ల. ఆ చిరుతకి వారం కిందట కడుపునొప్పితో మొదలై, రక్తవిరేచనాలై, చివరికి రెండు కిడ్నీలూ మొరాయించాయి. ఇప్పుడు ఆసుపత్రిలో యంత్రం మీద బతుకుతోంది. హాస్టల్లో నలభైమంది తిన్న అన్నమే తినింది, తక్కిన వాళ్ళెవరికీ ఏమీ కాలేదు. అందుకే పోలీసులు వచ్చారు. పక్కగది పిల్ల ఒకతి, తాను చూసింది చెప్పింది. పుల్లని నిన్న ఉదయం స్టేషన్‌కి తీసుకొచ్చారు.

గది మూలన కుర్చీలో ఆరా మేడం కూర్చుని ఉంది. ఆరోగ్యశాఖలో ఆమెది వింత ఉద్యోగం. ఎక్కడైనా అంతుపట్టని జబ్బు వస్తే, అది ఎక్కడ పుట్టి ఎలా వచ్చిందో వెతికి పట్టుకోవాలి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎవరు వడ్డించారు అని ఊపిరాడనివ్వకుండా అడుగుతుంది కనుక ఆఫీసులో ఆ పేరు ఖాయమైంది. ఇన్‌స్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది.

ఆ చుట్టరికం లేకపోతే ఆ ఉదయం ఆమె చూపు సరైన చోట నిలిచేదేమో. ఆమె మాత్రం మరిది చొక్కా జేబు పైనే చూస్తోంది. అక్కడ కొత్త పతకం రిబ్బను మెరుస్తోంది. పోయిన ఏడాది ఒక కాలనీలో జనం వాంతులతో పడిపోతే, నీళ్ళ ట్యాంకులోకి మురుగు కలుస్తోందని కనిపెట్టింది ఆమె. కాంట్రాక్టరుకి బేడీలు వేసింది అతను. పేపర్లో ఫొటో అతనిది, పతకం అతనిది. ఆ పేపరు ముక్క అత్తగారు పటం కట్టించి హాల్లో తగిలించింది. ఎస్సై పరీక్షకి అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించింది తనేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. రోజూ ఆ పటం కిందే కూర్చుని అన్నం తినాలి.

"మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అంది పుల్ల.

ఇచ్చారు. తాగీ తాగకముందే, బాత్రూంకి వెళ్ళాలంది. మహిళా కానిస్టేబుల్ విసుక్కుంటూ లేచింది.

"చూశారా వదినా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వాళ్ళు గడప దాటగానే. "ప్రశ్న గట్టిగా తగిలినప్పుడల్లా ఇదే వరస. ఇంకో పూటలో కక్కేస్తుంది."

"కక్కడానికి ఏమీ లేదు. లాబ్ వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేశారు. చిరుత కడుపులోకి పోయింది విషం కాదు, బాక్టీరియా. పశువుల పేగుల్లో ఉంటుంది, పేడలో వస్తుంది. పశువుకి దాని వల్ల ఏమీ కాదు. ఆరోగ్యంగా మేస్తూ, పాలిస్తూ తిరుగుతుంది. మనిషి కడుపులోకి పోతే మాత్రం అక్కడ విషం తయారుచేస్తుంది. కొందరికి విరేచనాలతో పోతుంది, కొందరికి ఆ విషం రక్తంలో కలిసి కిడ్నీల్ని కొడుతుంది."

గెలిచానన్న మాట ఆమె నోటితో అనలేదు గానీ, గొంతులో వినపడింది. అతనికీ వినపడింది. రెండు క్షణాలు ఆలోచించి, బల్ల మీద వేలితో కొట్టాడు.

"అయితే సీసాలో పేడ కలిపిన నీళ్ళన్నమాట."

"ఏమిటి?"

"మీరే అన్నారుగా, పేడలో వస్తుందని. నేను ఇంతవరకూ ఎలుకల మందని వెతుకుతున్నా. పేడైతే కొనాల్సిన పని కూడా లేదు. చాలా థాంక్స్ వదినా, కేసు పూర్తిచేశారు."

ఆరా మేడం మొహం ఎర్రబడింది. తను తెచ్చిన దాన్ని తన కళ్ళముందే మళ్ళీ జేబులో వేసుకుంటున్నాడు.

"కాస్త ఆగు. ఆ పిల్ల సీసా పట్టుకుని కనపడింది ఎప్పుడు?"

"బుధవారం తెల్లవారుజామున."

"చిరుతకి నొప్పి మొదలైంది అదే బుధవారం మధ్యాహ్నం. ఈ బాక్టీరియా లోపలికి పోయాక బయటపడటానికి మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ పూట పోసిందాని వల్ల ఆ పూటే రాదు."

"ముందు కూడా పోసి ఉంటుంది. సాక్షి ఒక్కరోజే నిద్రలేచింది, అంతే."

మరిది మొద్దు కాడు, అదే ఆమెకు కష్టం. కాస్త తెలివి తక్కువవాడైతే అతని పతకాన్ని సులువుగా తీసిపారెయ్యగలిగేది.

"పోనీ ఒకటి చెప్పు. ఫ్లాస్కులో ఏముంది?"

"పాలు."

"హాస్టల్లో పొద్దున ఏడైతే గానీ పాలు పొయ్యెక్కవు. తెల్లారకముందే ఆ పిల్లకి ఫ్లాస్కునిండా పాలెక్కడివి?"

ఇన్‌స్పెక్టర్ సాక్షి వాంగ్మూలం తీసి తిరగేశాడు. అతను వెతుకుతుండగానే ఆరా మేడం సంచీ భుజాన వేసుకుని లేచింది. గుమ్మంలో పుల్ల ఎదురొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. ఆరా మేడం పక్కకి తప్పుకుని, ఆమె దాటాక బయటికి నడిచింది. మనసంతా ఫ్లాస్కు మీదే ఉంది.

*

హాస్టల్ కోచ్ మైదానంలో సున్నం గీతలు గీయిస్తున్నాడు. వారంలో ఎంపిక పోటీలు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది.

"చిరుతకి పాలు ఎవరు పంపేవాళ్ళు?"

"హాస్టల్లో అందరికీ ఇస్తారుగా మేడం."

"నేను హాస్టల్ పాల గురించి అడగట్లేదు."

"బయటివి తేవడం మా రూల్స్‌లో లేదండీ."

"రూల్స్ ఉన్నాయి కాబట్టే అడుగుతున్నా. అక్కడ ఆసుపత్రిలో డాక్టర్లు చీకట్లో తడుముకుంటున్నారు. ఆ పిల్ల ఏం తాగిందో చెప్పండి, తర్వాత మీ మీద ఎవరు ఏ కాగితం రాసినా నాకు సంబంధం లేదు."

కోచ్ సున్నం డబ్బా కింద పెట్టాడు.

"పచ్చిపాలు. వెనకవీధి పాకలో పాలావిడ పితగ్గానే, వేడి తగ్గకముందే ఫ్లాస్కులో పోసి ఆ గది కిటికీలో పెడుతుంది. చిరుత దాన్ని గ్రౌండ్‌కి తెచ్చుకుని, మొదటి రౌండ్ అయ్యాక తాగుతుంది. కాస్తే బలం పోతుందని నేనే వద్దన్నా."

"నలభైమందిలో ఆమె ఒక్కదానికే ఎందుకు?"

"గెలిచే పిల్ల మేడం. ఉన్నదాన్ని నలభై భాగాలు చేస్తే ఎవరూ గెలవరు."

"పుల్లకి తెలుసా?"

"కిటికీ పక్క మంచం దానిదే. తెలీకుండా ఎలా ఉంటుంది? ఒకసారి నా దగ్గరికొచ్చి, 'సార్, నాకు కూడా చెబుతారా?' అనింది. నువ్వు ముందు దాన్ని దాటు, అప్పుడు చూద్దామన్నా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అప్పట్నుంచి దాన్ని చూస్తే పుల్లకి కడుపుమంట. వేసుకున్న బూట్లు చూసినా, నేను భుజం తట్టినా మొహం మాడ్చుకునేది. కానీ చంపేంత మంట అనుకోలేదు."

ఒకే చూరు కింద ఉంటూ, రోజూ ఒకరి పొగడ్త చెవిన పడటం ఎలా ఉంటుందో ఆరా మేడంకి ఎవరూ వివరించాల్సిన పనిలేదు.

"పాలావిడ ఎలాంటి మనిషి?"

"మోసం. ఈ నెలరోజుల్నుంచీ నీళ్ళు కలుపుతోంది. జబ్బుపడక ముందు ఒకరోజు చిరుత కప్పులో పోసుకుంటుంటే చూశా, గాజులా ఉన్నాయి. వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టొచ్చా."

*

పాకలో మూడు ఆవులున్నాయి. మూడూ నిగనిగలాడుతున్నాయి. దూడ ఒకటి కట్టు తెంచుకోవాలని చూస్తోంది. ఆరా మేడం గ్లవ్స్ తొడుక్కుని చుట్టూ చూసింది. నేల తడిగా ఉంది. పడుకుని లేచిన ఆవు తొడకీ పొదుగుకీ పేడ అంటి ఎండిపోయి ఉంది. పొదుగు కడిగే నీళ్ళు ఒక బకెట్లో ఉన్నాయి, మూడింటికీ అదే బకెట్టు, అదే గుడ్డ. ఆవు తోక విసిరితే ఆ తుంపర్లు పాలచెంబు అంచు మీద పడ్డాయి. పాలావిడ వాటిని కొంగుతో తుడిచేసి పితకడానికి కూర్చుంది.

చిన్న చిన్న డబ్బాల్లో ఆరా మేడం నమూనాలు తీస్తుండగా గుమ్మంలో నీడ పడింది. ఇన్‌స్పెక్టర్. వెనక ఒక కానిస్టేబుల్, చేతిలో ప్లాస్టిక్ సంచీ.

"పేడ తీసుకెళ్ళడానికొచ్చాం," అన్నాడు. "హాస్టల్‌కి దగ్గర్లో పశువులున్నది ఇక్కడే. పుల్ల ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళింది."

"కోచ్ దగ్గర నుంచి నా వెనకాలే వచ్చావు."

"దారి అందరిదీ వదినా."

"ఆ సంచీలో వేస్తే పనికిరాదు. పైగా ముందు నేను తీయాలి. నువ్వు తొక్కుతున్నావ్, జరుగు."

"ఇది నేరం జరిగిన స్థలం. ముందు పోలీసులు..."

ఇద్దరూ ఒకే పేడకడి మీదికి వంగారు. పాలావిడ పితకడం ఆపి వాళ్ళని మార్చి మార్చి చూసింది.

"మీరు కొట్టుకోకండమ్మా. బోలెడుంది. సాయంత్రానికి ఇంకా వస్తుంది."

కానిస్టేబుల్ దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. ఆరా మేడం నిలబడి, గ్లవ్స్ విప్పుకుంది.

"ఇక్కడికి ఒక సన్నటి అమ్మాయి ఎప్పుడైనా వచ్చిందా?"

"ఇటేపు ఎవరూ రారమ్మా. ఆ సారొక్కడే, అది కూడా తిట్టడానికి."

"పాలు పచ్చివే తాగేవాళ్ళు ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మా ఇంట్లో కూడా పొంగొచ్చేదాకా కాచుకునే తాగుతాం. వేడి చేసి ఇస్తానన్నా ఆ సారే వినలేదు." పాలావిడ ఆవు వీపు మీద చెయ్యేసింది. "కానీ ఒక మాట అడుగుతా. నాకు కలిపే బుద్ధే ఉంటే పది ఇళ్ళకీ కలుపుతాగా? తొమ్మిదిళ్ళ వాళ్ళు బాగున్నాయంటారు. ఆ ఒక్క ఫ్లాస్కే అక్కడికెళ్ళేసరికి నీళ్ళయిపోతే నేనేం చెయ్యను? తెల్లారకముందే, నా చేతుల్తో మూతిదాకా నింపి పెట్టొచ్చేదాన్ని."

ఆరా మేడం చేతిలో గ్లవ్స్ అలాగే ఉండిపోయాయి.

మూతిదాకా నింపిన ఫ్లాస్కులో సీసాడు నీళ్ళు పోయాలంటే, ముందు సీసాడు పాలు తీయాలి.

"పుల్ల అబద్ధమాడలేదు," అంది నెమ్మదిగా. "సీసాలో నీళ్ళే ఉన్నాయి."

"వదినా, మళ్ళీ మొదటికొస్తే..."

"వినిపించుకో. ఆ పాలు తాగితేనే చిరుత గెలుస్తోందనుకుంది. అడిగితే కోచ్ ఇవ్వలేదు. రోజూ సగం తాను తాగి, తెలీకుండా ఆ సగం నీళ్ళతో నింపింది. నెలరోజులుగా. చిరుత లోపలికి ఏం పోయిందో, అదే ఆ పిల్ల లోపలికీ పోయింది."

అంటూ ఉండగానే ఆమెకు అసలు సంగతి తట్టింది. పొద్దున ఆ గదిలో పుల్ల మంచినీళ్ళు అడిగింది. తాగీ తాగకుండానే బాత్రూంకి వెళ్ళాలంది. తిరిగొచ్చేటప్పుడు గోడ పట్టుకుంది. ఆ గదిలో అది తెలియాల్సిన మనిషి తానొక్కతే, తానేమో రిబ్బను చూస్తూ కూర్చుంది.

"ఆ పిల్ల బాత్రూంకి ఎన్నిసార్లు వెళ్తోంది?"

ఇన్‌స్పెక్టర్ మొహం మారింది. "నిన్నట్నుంచీ వెళ్తూనే ఉంది. పోలీసులంటే భయానికి అనుకున్నా. విరేచనాలాగడానికి బిళ్ళలు కూడా ఇప్పించా."

"ఎన్ని?"

"రాత్రి రెండు, పొద్దున రెండు."

"ఈ జబ్బులో అవి వేయకూడదు. బయటికి పోవాల్సిన దాన్ని లోపలే బిగించేస్తాయి." ఆమె అప్పటికే జీపు వైపు నడుస్తోంది. "బండి నువ్వే నడుపు. ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తా."

*

పుల్ల బెంచీ మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఆరా మేడం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టింది. జ్వరం లేదు. మొహం పాలిపోయి, కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి.

"రోజూ ఎంత తాగేదానివమ్మా?"

పుల్ల గోడ వైపు తిరిగింది.

"నాకు తెలిసిపోయింది. సగమా?"

"సగం," అంది గోడతోనే.

"రక్తం పడుతోందా?"

తల ఊపింది.

"ఎప్పట్నుంచి?"

"శనివారం."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? విషం పెట్టావని నిన్ను కేసులో ఇరికిస్తుంటే, పాలు తాగానని ఒక్కమాట అంటే పోయేదిగా."

పుల్ల కాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుంది. తర్వాత, "దానికి తెలిస్తే నవ్వుతుంది," అంది. "దాని ఎంగిలి మీద బతికానని హాస్టలంతా చెబుతుంది. విషం పెట్టానంటే కనీసం భయపడతారు."

"ఒంటేలు ఎప్పుడు పోశావు?"

"గుర్తులేదు. నిన్న మధ్యాహ్నం కొంచెం వచ్చింది. మళ్ళీ రాలేదు."

గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌ని పిలవలేదు. తానే వచ్చి ఆ పిల్లని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. జీపులో వెనక సీట్లో పడుకోబెడుతూ, ఆరా మేడం వైపు చూడకుండా అన్నాడు.

"బిళ్ళల సంగతి ఇంట్లో అమ్మకి చెప్పకండి వదినా."

ఇలాంటి మాట అతని నోట వినాలని ఆమె ఏడాది నుంచీ కోరుకుంటోంది. వింటే ఎంత హాయిగా ఉంటుందో భోజనం చేస్తూ ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇప్పుడు మాత్రం పుల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, "చూసి నడుపు," అంది, అంతే.

*

ఆసుపత్రిలో ఖాళీ మంచం చిరుత పక్కనే దొరికింది. మధ్యలో ఆకుపచ్చ తెర వేశారు. డాక్టరు రక్తం తీసి పంపింది. ఆరా మేడం జరిగినదంతా ఆమెకు గొంతు తగ్గించి చెప్పింది గానీ, ఆ గదిలో తెర పక్కనున్న వాళ్ళకి వినపడకుండా మాట్లాడటం కుదిరే పని కాదు.

"మేడం," అని అవతలి నుంచి నీరసంగా పిలుపొచ్చింది.

ఆరా మేడం తెర పక్కకి జరిపింది. చిరుత మొహం ఉబ్బి ఉంది. మెడ దగ్గర నుంచి గొట్టాలు యంత్రంలోకి వెళ్తున్నాయి. ఆమె ఆరా మేడంని కాదు, పక్క మంచాన్ని చూస్తోంది.

"అది నా పాలు తాగేదా?"

"అవును. నువ్వేమీ అనొద్దు. చాలా..."

"నేనేమంటాను మేడం? ఆ వాసనే నాకు పడేది కాదు. సార్ చూస్తున్నప్పుడు రెండు గుక్కలు మింగి, మిగిలింది కుళాయి దగ్గర పారబోసేదాన్ని. రెండు గుక్కలకే ఇలా అయితే..." ఆమె యంత్రం వైపు చూసింది. "అడిగితే ఫ్లాస్కు మొత్తం ఇచ్చేసేదాన్ని. తాగేవాళ్ళు దొరికారని సంతోషించేదాన్ని."

పుల్ల తల తిప్పింది. రెండు మంచాల మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం.

"రోజూ పారబోసేదానివా?"

"రోజూ."

"మరి ఎలా గెలిచేదానివే?"

చిరుత దుప్పటి అంచు వేళ్ళతో మడతపెట్టింది. ఏం చెప్పాలో ఆమెకు నిజంగా తెలియనట్టుంది.

డాక్టరు గుమ్మం దగ్గర నుంచి ఆరా మేడంకి సైగ చేసింది. బయట వరండాలో ఇన్‌స్పెక్టర్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. డాక్టరు చేతిలో రిపోర్టు ఉంది.

"మొదటి అమ్మాయిది నయం," అంది. "ఈ అమ్మాయి కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. ఉబ్బు మెదడు దాకా వెళ్తోందని నా అనుమానం. ఇంట్లో వాళ్ళెవరైనా ఉంటే వెంటనే పిలిపించండి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. నంబరు నొక్కబోయి, ఆగి, వదిన వైపు చూశాడు. ఆ పిల్లని స్టేషన్‌కి తెచ్చి రెండోరోజైనా, వాళ్ళింటి నంబరు అతను అడగనేలేదు.

ఆరా మేడం అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, అడగడానికి లోపలికి వెళ్ళింది. పుల్ల కళ్ళు సగం మూతపడ్డాయి. మాట ముద్దగా వస్తోంది. అయినా పక్కమంచం వైపే తిరిగి, అడిగిందే మళ్ళీ అడుగుతోంది.

"చెప్పవే. మరి ఎలా గెలిచేదానివి?"